పోయినాడు అన్నాను

ఫిబ్రవరి 3

ప్రభాకరం వచ్చి వెళ్ళాడు. హాస్టలు రోజుల్లో నా చారు నోట పెట్టుకుని మొహం చిట్లించేవాడు. ఇప్పుడు రిటైరైన ప్రిన్సిపాలు, యూనివర్సిటీ పాత విద్యార్థుల సంఘానికి కార్యదర్శి. వాకిట్లోనే చెప్పులు విడిచి, వంగి దండం పెట్టాడు. అవసరం మరి.

మా హాస్టల్లో చదివి, ఆ తరవాత చనిపోయిన వాళ్ళందరి పేర్లతో పుస్తకం వేస్తారట. ఎవరు పోయారు, ఎట్లా బతికారు — యూనివర్సిటీ కాగితాల్లో ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళు మెస్సులో వండి వడ్డించాను. పెళ్ళి పత్రికలూ నాకే వచ్చేవి, చావు కబుర్లూ నాకే వచ్చేవి.

పోతూ ఈ డైరీ ఇచ్చాడు. ఏదో బ్యాంకుది, పోయిన ఏడాదిది. "గుర్తొచ్చినవి ఎవురిచేతనైనా రాపించి పెట్టు పెద్దాయనా." ఎవరిచేతనో ఎందుకు. నాకు చెయ్యి లేదా.

ఫిబ్రవరి 4

నాకు అక్షరాలు నేర్పింది నగరి మునిరత్నం.

మగ్గం మీద బతికే ఇంటి పిల్లవాడు. పెద్ద చదువుకు తిరుపతి వచ్చాడు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక మెస్సు బోర్డు దగ్గర నన్ను నిలబెట్టి, సుద్దముక్క చేతికిచ్చి రాయించేవాడు. నాకప్పుడు ముప్పై ఎనిమిది. వాడికి ఇరవై రెండు. గుణింతం తప్పితే నా వేళ్ళ మీద కొట్టేవాడు — నిజంగానే కొట్టేవాడు.

ఒత్తుల దాకా వచ్చి ఆగిపోయింది. వాడు వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఏడాది పొడుగునా మా మెస్సు బోర్డు మీద 'పపు, చారు, మజిగ' అనే ఉండేది. పిల్లలు గుంపుగా చేరి చదివి నవ్వేవాళ్ళు. "రాయుడన్నా, ఈ పొద్దు పపా?" చిత్తూరు బస్సు బోర్డు చూసి త్త నేర్చుకున్నాను, పుత్తూరు బస్సు చూసి సరిచూసుకున్నాను. మిగతావి సినిమా వాల్‌పోస్టర్లు. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు.

ఫిబ్రవరి 9

ప్రభాకరం మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చుని పేర్లు చదివాడు, నేను చెప్పాను. మూడు గంటలు.

విశ్వనాథం. పెద్ద ఆఫీసరై పోయాడు. అతని గురించి ముందే రాసుకొచ్చాడు — మృదుభాషి, నిరాడంబరుడు. నాకు తెలిసిన విశ్వనాథం అన్నంలో రాయి తగిలిందని ప్లేటు తీసి నా మొహాన విసిరాడు. కనుబొమ్మ మీద మచ్చ చూపించాను. "అదంతా యాడ రాసేది పెద్దాయనా." రాయొద్దు. మృదుభాషి అని నేను చెప్పినట్టు మాత్రం రాయొద్దు అన్నాను.

గంగాధరం. పాకాల అవతల పల్లెలో బడిపంతులు. అందరూ తిన్నాక చివర్న వచ్చేవాడు. వంటవాళ్ళు తిన్నారా అని అడిగి, తిన్నామంటేనే ప్లేటు తీసేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట అడిగింది వాడొక్కడే. బడికి నడిచిపోతూ రైలు గేటు దగ్గర కూలబడి అక్కడే ప్రాణం విడిచాడు. ప్రభాకరం పెన్ను ఎత్తి, పదవులేమైనా చేశాడా అని అడిగాడు. లేదన్నాను. పెన్ను మళ్ళీ కాగితం మీద ఆనలేదు.

చివర్న నగరి మునిరత్నం సంగతి అడిగాడు. వాడు ఎప్పుడో పోయినాడు లేప్పా అన్నాను. మోకాళ్ళు నొప్పి, ఆకలి. ఇక లేస్తే బాగుండుననిపించింది.

ఫిబ్రవరి 10

పోయినవాళ్ళ మీద మంచే రాయాలట. అట్లయితే నా దగ్గరికి రావడం దేనికి. క్యాలెండరు మీద దేవుడి బొమ్మల కింద పేర్లు మార్చి వేసుకోవచ్చు.

ఫిబ్రవరి 21

అచ్చుకు ముందు చూడమని కాగితాల కట్ట పంపాడు. తప్పులుంటే పెన్సిలుతో గీత పెట్టమన్నాడు. పొద్దుటి నుంచి లైను కింద వేలు పెట్టుకుని చదువుతున్నాను.

విశ్వనాథానికి రెండు పేజీలు, మూడు ఫొటోలు. గంగాధరానికి రెండు లైన్లు. అందులో ఊరి పేరు తప్పు.

ఆ కింద — కీ.శే. మునిరత్నం, నగరి.

కీ.శే. అంటే ఏమిటో నాకు తెలుసు. గోడల మీద, సిమెంటు బెంచీల మీద చదివిందే. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. వాడు చచ్చిపోయాడు, నాకు ఎవరూ చెప్పలేదు... ఇంత మందికి తెలిసి, నాకు కబురు లేదు. కాగితాలు పక్కన పెట్టాను. ప్రభాకరానికి ఫోను చేశాను. మునిరత్నం ఎప్పుడు పోయినాడప్పా అని అడిగాను.

"నువ్వే కదా పెద్దాయనా చెప్పినావు, ఎప్పుడో పోయినాడని."

ఫోను పెట్టేశాను.

ఫిబ్రవరి 22

నేను అన్న పోవడం వేరు. చదువు మధ్యలో వదిలేసి ఊరికి పోయాడని అన్నాను. చచ్చినవాళ్ళ పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నవాడు ఇంకెట్లా వింటాడు. తప్పు వాడిది కాదు. రాయడానికి బుద్ధి పుట్టడం లేదు గానీ, తప్పు నాదే.

ఆ రోజు నాకు బాగా గుర్తు. వాళ్ళ నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మగ్గం ఆగింది. రేకు పెట్టె తీసుకుని మెస్సులోకి వచ్చాడు. చివరి పరీక్షలకు ఇంకా రెండు నెలలు. నేను వంకాయలు తరుగుతున్నాను. ఊరికి పోయేవాడు ఎవడైనా పోయొస్తానంటాడు. వాడు, "పోతాండానన్నా" అన్నాడు.

తలెత్తలేదు. పోతే పో అన్నాను.

నాకు నేర్పే చదువు సగంలో వదిలాడని కోపం. తన చదువు సగంలో వదిలాడని అంతకన్నా కోపం. ఏ కోపమని చెప్పలేదు. మళ్ళీ కనుక్కోలేదు. నలభై ఏళ్ళు. నగరి ఎంత దూరం? గంటన్నర బస్సు.

బతికి ఉన్నాడో లేడో నాకే తెలియదు. అదీ సంగతి.

ఫిబ్రవరి 23

ప్రభాకరం ఫోను. తప్పులేమైనా ఉన్నాయా అంటాడు. చూస్తున్నానన్నాను. నా జ్ఞాపకం గురించి సంఘం మీటింగులో అందరూ పొగిడారట. రాయుడన్న చెప్పాడంటే ఇక తిరుగులేదన్నారట.

ఫిబ్రవరి 25

నగరి వెళ్ళి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. రేణిగుంట గోడౌనులో డ్యూటీకి పోయే కొడుకు గుమ్మం దాటగానే నేనూ దాటాను.

బస్టాండు దగ్గర ఒకరిని, వీధి మొదట్లో ఒకరిని అడిగాను. ఉన్నాడా అని అడగడానికి నోరు రాలేదు. ఇల్లు యాడ అనే అడిగాను. వీధి వీధంతా పవర్‌లూముల మోత. మనిషి మాట మనిషికి వినపడదు.

ఉన్నాడు.

అరుగు మీద కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాడు. జుట్టంతా నెరిసింది. నేల మీద నా నీడ పడితే తలెత్తాడు. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు. లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను మాట్లాడితే నోటి వైపు చూస్తున్నాడు. మోతలో బతికి బతికి చెవులు పోయాయని వాళ్ళావిడ సరోజమ్మ చెప్పింది. ఏమైనా చెప్పాలంటే రాసి చూపించాలట.

రాసి చూపించాను. నా చేతిరాత వాడు చూడడం నలభై ఏళ్ళ తరవాత. 'పుసకంలో నీ పేరు పొరపాటున' అని రాశాను. తొందరలో ఒత్తు మరిచాను. వాడు నా చేతిలోని పెన్సిలు తీసుకుని స కింద త ఒత్తు పెట్టి, కాగితం తిరిగి ఇచ్చాడు. నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. దగ్గు తెచ్చుకున్నాను.

అచ్చు కాగితం తీసి చూపించాను. నేను చేసిన తప్పు, నేనే తీయిస్తాను అని రాశాను. వాడు తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. పైన ఉన్న పేర్లు, కింద ఉన్న పేర్లు అన్నీ చదివాడు. గంగాధరం పేరు దగ్గర ఆగి, వీడు కూడానా అన్నట్టు నా మొహం చూశాడు. తల ఊపాను.

తరవాత మాట్లాడాడు. తన మాట తనకు వినపడదు కదా, గట్టిగా వచ్చింది.

"తీసేయొద్దన్నా. ఉండనీ."

ఎందుకని చేత్తో అడిగాను. పదేళ్ళ కింద యూనివర్సిటీలో పాత విద్యార్థుల సభకు పోయాడట. బల్ల దగ్గర కూర్చున్నవాడు ఏ సంవత్సరం పాసైనావని అడిగాడట. పాస్ కాలేదంటే, కాగితం వెనక్కి ఇచ్చి, వెనక వరసలో నిల్చున్నవాణ్ణి పిలిచాడట. తిరుపతి నుంచి తిరిగి వచ్చేదాకా మంచినీళ్ళు కూడా తాగలేదట.

"బతికుండి నేను ఆడ లేనన్నా. సచ్చినోళ్ళలోనైనా ఉండనీ."

నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు చూడలేక వీధి వైపు తిరిగాను.

సరోజమ్మ గడప అవతల నిలబడి అంతా విన్నది. నన్ను వీధి చివరి దాకా సాగనంపుతానని వచ్చి, నాలుగడుగులు వేశాక ఆగింది. మెల్లగా అనాల్సిన పని లేదు, ఆయనకు వినపడదు. అయినా మెల్లగానే అంది.

"నా మొగుడు ఈడ కండెలు సుడతా ఉంటే, మీరు ఆడ కీర్తిశేషుడని అచ్చేస్తారా అన్నా? ఎవురైనా సదివి ఈదిలో చెప్తే రేపు నన్ను పేరంటానికి పిలస్తారా? నా బొట్టు సంగతి ఏమి?"

ఆమె నుదుటి మీద పావలా అంత బొట్టు. అరుగు మీద నుంచి వాడు మా ఇద్దరికీ చెయ్యి ఊపుతున్నాడు.

"మీ నోటితో వచ్చింది. మీ నోటితోనే తీయించండి" అంది. నా ఫోను నంబరు అడిగి తీసుకుంది.

ఫిబ్రవరి 26

ప్రభాకరాన్ని ఫోనులో కదిలించాను. పేరు చెప్పలేదు. పరీక్ష రాయకుండా మధ్యలో పోయినవాడు బతికి ఉంటే సభ్యుల పుస్తకంలో వేస్తారా అని అడిగాను. వేయరట. పాసైన సర్టిఫికెట్టు ఉండాలట. మరి చనిపోయినవాళ్ళ పుస్తకంలో? అక్కడ సంఘం పెద్ద మనసు చేసుకుందట, సర్టిఫికెట్టు అడగరట.

చచ్చేదాకా మార్కులు చూస్తారు. చచ్చాక వదిలేస్తారు. చదువుకున్నవాళ్ళు రాసుకున్న రూలు ఇది.

ఫోనులో గట్టిగా అరిచాను. ఎందుకు అరుస్తున్నానో వాడికి తెలియదు. "బీపీ మాత్ర ఏసుకున్నావా పెద్దాయనా."

ఫిబ్రవరి 27

మునిరత్నం పేరు పక్కన పెన్సిలు గీత పెట్టాను. రబ్బరుతో చెరిపాను. మళ్ళీ పెట్టాను. కాగితం అక్కడ పలచబడింది.

గీత పెడితే వాడు ఎక్కడా ఉండడు. పెట్టకపోతే సరోజమ్మ మొహం చూడలేను. ఇద్దరిలో ఎవరిది న్యాయం అని అడిగితే ఆమెదే. బతికున్న మనిషిని చంపకూడదు. కానీ ఆ బల్ల దగ్గర వాణ్ణి చంపినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో వేస్తారు?

నేను మాత్రం? పోతే పో అన్నవాణ్ణి.

గీతతోనే కాగితాలు పంపించాను.

ఫిబ్రవరి 28

పదకొండింటికి ప్రభాకరం ఫోను. ప్రెస్సులో నిలబడి మాట్లాడుతున్నాడు. వెనక మిషను చప్పుడు. కాగితాలన్నీ చూశాడట, నగరి మునిరత్నం దగ్గర గీత ఉందట, చెరిపినట్టూ ఉందట, అర్థం కావడం లేదట. ప్రెస్సువాడు మూడింటికి అచ్చు మొదలుపెడతాడు. ఒక్క మాట చెప్పమన్నాడు.

నోట్లో మాట కూడదీసుకున్నాను. నిజమే చెప్పాలని అనుకున్నాను. నిజమే చెప్పాను.

"వాడు ఉండాడు."

"ఉండాడా? సరే, అట్లనే ఉండనీ పెద్దాయనా. గీత పట్టించుకోవద్దని చెప్తాలే." పెట్టేశాడు.

బతికి ఉన్నాడని అన్నాను. పుస్తకంలో ఉన్నాడని విన్నాడు. అట్లా వింటాడని నాకు తెలియదా? నిన్నటి నుంచి మూడు మాటలు సిద్ధం చేసుకున్నాను — బతికే ఉండాడు, సావలేదు, నాది తప్పు. మూడూ వదిలేసి ఈ మాటే ఎందుకు వచ్చింది.

ఒంటి గంటకు అన్నం ముందు కూర్చుని లేచాను.

రెండుంపావు. నగరి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. వాడికి చెవులు లేవు, చేసేది ఆమే. ఎత్తలేదు.

రెండూ నలభై. ప్రభాకరం నంబరు తీసి ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను...