అనకూడని మాట

మంగళవారం.

పొద్దున్నే నిజాంపట్నం రేవుకు రావలసిన మా పెద్దాడి పడవ మధ్యాహ్నమైనా రాలేదు. ఆగలేక, "దారి తప్పిందేమోనే" అనేశాను. కోడలు గబుక్కున నా నోరు మూసింది.

"మగాళ్ళు సముద్రం మీదుండగా ఆ మాట అనకూడదని నువ్వే నేర్పావు కదత్తా! గాలివాటున పోయిందనాలి."

నిజమే, భయంలో నేను చెప్పిన మాటే మరిచిపోయాను. గంగమ్మకు చెంపలేసుకున్నాను.

సాయంత్రం అవతలి వాడరేవు ఊరి నుంచి వాడే ఫోన్ చేశాడు. గాలివాటున పోయావట్రా అని అడిగాను. "కొట్టుకుపోలేదమ్మా. ఎదురుగాలి ఎక్కువైతే నేనే చుక్కాని తిప్పి ఇటు మళ్ళించా. అందరం బాగున్నాం."

తల్లీ గంగమ్మా, ఆ బుద్ధి పుట్టించావు, నీకు దణ్ణం. కానీ రేపటి గాలి ఎలా ఉంటుందో.

"పడవ అక్కడే కట్టేసి బస్సెక్కి రారా" అన్నాను. పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విన్నాకే అన్నం తిన్నాను.