శుక్రవారం బీపీ లైను

రొద్దం,
18-11-2024.

చెల్లెలు నీలావతికి, చల్లగా ఉండమని దీవిస్తా అక్క ఆదిలక్ష్మమ్మ రాసే జాబు. ఈడ మేమంతా క్షేమం. లేపాక్షిలో నువ్వూ, మరిదీ, పిల్లలూ బాగుండారని తలుస్తా.

ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా కట్ చేస్తావు. అందుకే జాబు. హిందూపురంలో మెంటల్ డాక్టరు దగ్గరికి పోదాం రావే అన్నందుకు, నన్ను పిచ్చిదాన్ని చేస్తాండావా అని మూడు నెలలుగా నామీద అలిగినావు. అమ్మ పోయిన కాడ్నుంచి నువ్వు తినకుండా, తల దువ్వుకోకుండా మంచం పట్టింటే నేను చూస్తా ఊరుకోవాల్నా? కోపముంటే చదివినాంక తిట్టు.

సరే, విను. మా ఊరి ఆసుపత్రిలో శుక్రవారం బీపీ, షుగరు చూస్తారు. రెండు నెలల కిందట నేనూ బీపీ చూపించుకుందామని లైన్లో నిలబడితి. వసుంధర అని నర్సు పిల్ల, చేతికి పట్టీ చుట్టి గాలి కొడతా, నిద్ర పడతాందా అమ్మా, దేనిమీదన్నా మనసు పోతాందా అని అడిగె. నాకు ఒళ్లు మండి, బీపీ చూడమంటే నా సంసారం నీకెందుకు తల్లీ అంటి. లైన్లో అందరినీ అడుగుతాం, కాళ్లనొప్పులని వచ్చేవాళ్లలో చానామందికి బాధ మనసులోనే ఉంటాదమ్మా అని నవ్వె. నా వెనకాల మా పక్క చేను పోతులయ్య ఉన్నాడు. ఆయప్ప, నన్నూ అడిగినారక్కా, నాలుగు నెలలుగా మాత్ర మింగుతాండా, ఇప్పుడు మళ్లీ చేనికి పోతాండా అని జొరం సంగతి చెప్పినట్టే చెప్పె. నాకే సిగ్గేసె.

మనసు బాధకైనా చీటీ అదే, మందులిచ్చే కిటికీ అదే. దగ్గొచ్చినోళ్ల పక్కనే కూర్చోబెడతారు. పిచ్చి అని యాడా రాయరు. డాక్టరు చంద్రశేఖర్ కుర్చీ దగ్గరికి లాక్కొని మనం చెప్పేదంతా ఇంటాడు.

మా చెనక్కాయ పీకడం అయిపోయింది. నిన్న సంగటిలోకి ఊరుబిండి నూరినా. ఈమధ్య నీ వంట మళ్లీ రుచిగా ఉండాదే అన్నాడు మీ బావ. చానా సంతోషమాయె.

శుక్రవారం పొద్దున్నే హిందూపురం మీదుగా బస్సెక్కి రా. మొండికేయొద్దు.

నీ బాగు కోరే
అక్క

తా.క.: జాబు మడిచినాంక మనసొప్పక మళ్లీ విప్పినా. నాకు బీపీ లేదే నీలా. నిన్ను పిలుచుకొని పోయేముందు ఆడ ఎట్లా చూస్తారో తెలుసుకుందామని ఆ లైన్లో నిలబడితి. నిద్ర పడతాందా అని ఆ పిల్ల అడిగితే, ముందు కసురుకున్నా, మళ్లీ నీ సంగతి చెప్పాలని నోరు తెరిస్తి. నా ఏడుపే బయటపడింది. అమ్మ పోయినప్పుడు, పెద్దదానివి నువ్వే ధైర్యంగా ఉండాలని అందరూ అంటే, ఉన్నట్టు నటించినా. రెండు నెలలుగా ఆ మాత్ర నేనూ మింగుతాండా. మీ బావకు బీపీ మాత్రని చెప్పినా. ఇప్పుడు నిద్ర పడతాంది. కానీ నాలుగుసార్లు ఒక్కదాన్నే పోయొచ్చినా. ఈసారి నీకోసం కాదులే, నాకు తోడుగా రా.