పై కొమ్మల పూలు

పెండిల్ హిల్, సిడ్నీ
2-3-1991

పెద్దమ్మకు వందనాలు.

ఇంట్లో ఆడదిక్కు లేకపోతే చదువు మానేసి మర్నాడే తెనాలి వచ్చెయ్యమన్నావుగా. బెంగపడకు. ఇంటావిడ షీనా ఆంటీ బాగానే ఉంది. ఎక్కువ మాట్లాడదు, అంతే.

పెరట్లో ఆవిడ వేసిన బీరు పాదు కోతకొచ్చింది. రోజుకు జానెడు చొప్పున పాకి, దడి దాటి, నా కిటికీ రెక్క పట్టుకుంది. నోట్లో పెట్టుకుంటే పూలు చచ్చే చేదు. నలిపితే పసుపులాంటి పొడి. యూనివర్సిటీ నుంచి రాగానే నిచ్చెన వేసుకుని కోశాను. ఇంటాయన ఇవాన్ అంకుల్ కింద నిలబడి, "టాప్‌లో ఉన్నవి టచ్ చెయ్యకమ్మా. అవి షీనా కోసుకుంటుంది," అన్నారు.

ఇట్లు,
నీ హెలెనా

తా.క. మర్నాడు చూస్తే పైన ఒక్క పువ్వూ లేదు. నిచ్చెన రాత్రంతా నా గదిలోనే ఉంది.

—

తెనాలి
16-3-1991

హెలెనాకు దీవెనలు.

బీర అని రాయడం కూడా మరిచిపోయావుటే? నీ "బీరు" చూసి చర్చిలో మన శాంతి ఒకటే నవ్వు. పూతంతా దూసేస్తే కాయలెలా కాస్తాయి? ఇవాన్ గారికి తెలియకపోతే షీనాకైనా తెలియొద్దూ?

అన్నట్టు, ఆవిడ ఒక్క మాటైనా అన్నట్టు నువ్వెప్పుడూ రాయలేదు. నాకు అనుమానంగా ఉంది. ఆవిడ చేత స్వయంగా నాలుగు ముక్కలు రాయించు. లేదంటే టికెట్టు పంపిస్తాను, వచ్చెయ్.

పెద్దమ్మ సుగుణకుమారి

తా.క. బీరపొట్టు పారెయ్యకు. పచ్చడి చేసి ఆవిడకు పెట్టు. మాట అదే వస్తుంది.

—

పెండిల్ హిల్
30-3-1991

పెద్దమ్మా, క్షమించు.

అది బీరకాయ కాదు, తాగే బీరే. ఆ పూలను హాప్స్ అంటారు. ఎండబెట్టి, మొలకెత్తించిన బార్లీ మాల్టుతో ఉడికించి, పులియబెట్టి ఇళ్ళల్లోనే చేసుకుంటారిక్కడ. కోసింది నేను, కాచింది అంకుల్.

ఇంకొకటి. షీనా ఆంటీ లేదు. నేను రాకముందే, కిందటేడు పోయింది. చెబితే పిలిపించేస్తావని దాచాను. ఇంకొక్క ఏడాదిలో ఎమ్మెస్సీ చేతికొస్తుంది. తెనాలి వచ్చి ఊరికే కూర్చోలేను, నీకు తెలుసు. నన్ను వెనక్కి పిలవకు.

అంకుల్ మంచివారు. కాకపోతే సీసాలకు మూతలు బిగించి, "ఫస్ట్ వన్ షీనాకి," అంటారు.

నీ హెలెనా

తా.క. మొదటి సీసా ఖాళీ అయింది. మూత బిగించినట్టే ఉంది.

—

తెనాలి
14-4-1991

హెలెనాకు,

నీ ఉత్తరమూ షీనా ఉత్తరమూ ఒకే టపాలో వచ్చాయి. రాయమని అడగడానికి బద్ధకమేసి మనిషినే చంపేశావుటే! ఈస్టరు పండగ తేదీ వేసి మూడు పేజీలు రాసింది మహాతల్లి. నీ కోడిగీకుడు కాదు, ముత్యాల్లాంటి అక్షరాలు.

అటువంటి ఆడమనిషి ఇంట్లో ఉండగా నాకు దిగులు లేదు. చదువయ్యేదాకా అక్కడే ఉండు. ఇల్లు మాత్రం మారడానికి వీల్లేదు. నిన్ను తనకే అప్పగించమని అడిగింది. సరేనని రాసేశాను.

పెద్దమ్మ

తా.క. రోజూ పొద్దున నీ ఎదురుగా నిలబడి గుడ్ మార్నింగ్ చెబుతుంటే పలక్కుండా పక్కనుంచి వెళ్ళిపోతున్నావట. మేం నేర్పింది ఇదేనా? రేపు నువ్వే ముందు పలకరించు.