ఒకే బొక్కెన బావి

గుంటూరు జిల్లా, పల్నాడు తాలూకా, పిడుగురాళ్ల కాపురస్తుడు, సున్నపు బట్టీ యజమాని, అంతోని కుమారుడు బాలశౌరి అను నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా ఎవరి ఒత్తిడీ లేక స్వహస్తంతో రాసుకున్న వీలునామా. స్థిమితం బుద్ధికే, కాళ్లకు లేదు. ఇంతమాత్రం రాసేలోపే లేచి బావి చూసొచ్చాను. అక్షరాలు బట్టీ గోడ మీద బొగ్గుతో నేర్చినవాణ్ణి. చేవ్రాలు వంకరని కోర్టువారు శంకించవద్దు.

1. బట్టీ, రాతి గని, ఎడ్లబండి నా తమ్ముడి కొడుకు ఐజాక్‌కు. నాకు సంతానం లేదు. వాడు కష్టజీవి, నోరు మాత్రం బట్టీకన్నా వేడి.

2. నా గొడుగు బండి తోలే నాగూర్ వలికి. ఇన్నేళ్లూ అడగకుండా తీసుకుపోతున్నాడు. ఇక అడగకుండానే ఉంచుకోవచ్చు.

3. బట్టీ వాకిట నేను తవ్వించిన మంచినీళ్ల బావి మాత్రం ఐజాక్‌ది కాదు. "పెదనాన్నా, ఆ నీళ్లతో సున్నం చల్లార్చుకుంటే చానా కలిసొస్తది గదా" అంటాడు. వాడు పుట్టకముందు నా భార్య కృపమ్మ కంట్లో సున్నం పడింది. ఊరిబావికి పరుగెత్తింది. మా వాళ్లు అక్కడ తాడు ముట్టకూడదు. ఎవరైనా వచ్చి పోసేదాకా గట్టుకింద దోసిలి పట్టి నిలబడాలి. నిలబడింది. కన్ను నిలబడలేదు.

4. బావిని మొదట సంఘం పెట్టి సభ్యుల ఓటుకు వదిలాను. అధ్యక్షుడు సున్నం వర్తకుడు గోపాలకృష్ణయ్య, నా మిత్రుడే. "ఏందయ్యా బాలశౌరీ, గొడవలెందుకు? మీకొకటి, మాకొకటి, రెండు బొక్కెనలు పెడితే అందరూ తాగుతారు గదా" అన్నాడు. చేతులు లేచాయి, మావాళ్లవి కూడా. పాదిరిగారి పేర రాద్దామంటే అది చర్చి బావి అవుతుంది, మిగతావాళ్లు రారు. వీలునామాలోనే రాద్దామంటే నరసరావుపేట వకీలు ధనుంజయరావుగారు అడ్డుపడ్డారు. తమ్ముడి కొడుకున్న క్రైస్తవుడు ధర్మానికి ఆస్తి రాసి ఏడాదిలోపు పోతే ఆ రాత చెల్లదట. నా దగ్గుకు ఈ చట్టం తెలియదు.

కనుక బతికుండగానే ట్రస్టు దస్తావేజు రాసి నిన్న గురజాలలో రిజిస్టరు చేయించాను. ధర్మకర్తలు దయామణి పంతులమ్మ, నాగూర్ వలి, గోపాలకృష్ణయ్య. బావికి ఒకటే బొక్కెన. సున్నానికి చుక్క పోకూడదు. ధర్మకర్తలు ఆదివారం ఆదివారం అందరి ముందూ ఆ నీళ్లు తాగాలి. తాగనివారు ఆనాటితో ధర్మకర్తలు కారు. ఈ షరతు తీసేసే హక్కు ఏ ఓటుకూ లేదు, నాకూ లేదు. తెల్లారితే మాట మార్చే మనిషిని, మార్చలేని పని చేసి కూర్చున్నాను. కునుకు పట్టడం లేదు. గోపాలకృష్ణయ్య ఇంకా తాగలేదు. "చూద్దాంలేవయ్యా" అంటున్నాడు.

5. కృపమ్మ కంచు చెంబు బావిగట్టు మీదే ఉంచాలి. గొలుసు కట్టవద్దు. ఎవరైనా ఎత్తుకుపోతే ఇంకొకటి పెట్టండి.

6. దీని అమలు ధనుంజయరావుగారిది. ఇంతకుముందు రాసి చింపిన వీలునామాలు ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేయండి.

పిడుగురాళ్ల, 1946 ఏప్రిల్ 14.

(చేవ్రాలు) బాలశౌరి

సాక్షులు:
1. దావూద్, దస్తావేజు లేఖరి, గురజాల.
2. గోపాలకృష్ణయ్య, వర్తకుడు. దాహమని కలం పక్కన పెట్టి, బావి దగ్గరకు పోయి వచ్చి చేసిన సంతకం. పేరు అలుక్కున్నది చేతి తడివల్ల, దిద్దుబాటు కాదు. — దావూద్