కాసులమ్మ మేడ మీద మిషను

10 ఫిబ్రవరి 2003

ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంట్ చేసి చివరికి కాపలా ఉద్యోగం. హార్బర్ వెనక పేటలో, కాసులమ్మ చేపలు ఎండబెట్టుకునే మేడ మీద డస్ట్ శాంప్లర్ పెట్టాం. అది గాలి పీలుస్తుంది, సన్న ధూళి తెల్ల ఫిల్టర్ కాగితం మీద దిగుతుంది. ఉదయం ఆరు నుంచి రెండు దాకా పక్కనే ఉండి గంటగంటకీ చూసి సంతకం పెట్టాలి. ఎదురుగా బొగ్గు గుట్టలు. దువ్వాడలో మా ఇంటి నుంచి రెండు బస్సులు.

11 ఫిబ్రవరి

కాసులమ్మ చేత పీక్ ఫ్లో మీటర్, అదే ఊపిరి బలం కొలిచే గొట్టం, ఊదించాను. ఆవిడ వయసుకి నాలుగొందల దగ్గర్లో రావాలి. నూట ఎనభై. ఇంకోపాలి ఊత్తాను, ఇందాక నవ్వొచ్చీసింది అంది. నూట డెబ్భై. నీ బూర కూడా నాలాగే ముసిల్దయిపోనాది అని పడీ పడీ నవ్వి, గోడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

19 ఫిబ్రవరి

నిద్ర చాలడం లేదు. మొదటి రోజు నుంచీ ఆరింటికి స్విచ్ వేసి, సంతకాలన్నీ ఒకేసారి పెట్టేసి, కింద కాసులమ్మ చాప మీద పడుకుంటున్నాను. మిషను నాను సూసుకుంతాను, తొంగో అంది.

27 ఫిబ్రవరి

ఫిల్టర్లు తూచాం. అన్నీ తక్కువే. ప్రాజెక్టు పెద్ద గురునాథరావు సార్ హుషారుగా ఉన్నారు. ధూళి లిమిట్ లోపలే ఉంటే ఊపిరి ఎందుకు తగ్గుతుందమ్మా, ఆ పేట ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, అదీ సంగతి అన్నారు. రిపోర్టులో అదే రాస్తారట. ఇక బొగ్గు మీద టార్పాలిన్ కప్పమని అడిగేవాడుండడు.

కాసులమ్మ చుట్ట ముట్టదు. ఆ మాటే అన్నాను. ఒక్కావిడ లెక్కలోకి రాదన్నారు.

1 మార్చి

ఉక్కపోతకి మధ్యలో మెలకువొచ్చి మేడెక్కాను. మిషను మీద తడిపిన పాత చీర. నాలుగు మడతలు. లోపల్నుంచి శాంప్లర్ గుర్రుమంటోంది.

రోజూ కప్పుతున్నావా అంటే, మరేటి అంది కాసులమ్మ. మా ఆయన బోటు ఇంజను కప్పకుండా ఉంచుతాడేటి? ఈ బొగ్గు దుమ్ముకి పాడైపోతే నిన్ను తిట్టరా తల్లీ?

నన్ను కాపాడుతోందట.

చెబితే ఆ సంతకాలు దొంగవని నేనే ఒప్పుకోవాలి.

3 మార్చి

చెప్పలేదు.

5 మార్చి

చెప్పాను. సార్ లాగ్‌బుక్ తెరిచి, ఒక్కో సంతకం మీదా వేలు పెట్టి, ఇది నీదేనా, ఇది నీదేనా అని అడిగారు. పాత డేటా మొత్తం కొట్టేశారు. పది రోజులు మళ్ళీ కొలిచి ఇచ్చి, తర్వాత రావద్దన్నారు.

ఇక కప్పొద్దని కాసులమ్మకి చెబితే, దుమ్ము తినడానికే పెట్టినారా దీన్ని, బాగుంది మీ సదువు అంది.

8 మార్చి, మధ్యాహ్నం 2

ఎనిమిది గంటలూ పక్కనే కూచున్నాను. ఫిల్టర్ నల్లగా వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. నా మొహం చూసి కాసులమ్మ, పాసైపోనామా తల్లీ అంది. అయ్యామన్నాను. మెట్ల మీద కూలబడి, ఊపిరి అందాక, పేటంతా వినపడేలా కేకేసి చెప్పింది.