జేగంటలో పోయిన ఊపు

వెనింగ్,

క్లాటెన్ ఊళ్లో పెళ్లిలో నేను పాడాలి, వ్యాన్ వచ్చేసింది. అన్నం బుట్టలో ఉంది, సోయాగింజల తెంపే ముక్కలు వేయించి మూతపెట్టాను. తిను.

కాలేజీ దరఖాస్తు మీద మీ నాన్న సంతకం పెట్టేశారు. మన గామెలాన్ కంచు వాద్యాల విద్యే చదవాలని ఏడాదిగా పట్టుబట్టిన మనిషి, పొద్దున్నే "రికార్డింగ్ చదువే చదవనీ" అన్నారు. గెలిచాననుకోకు.

కాలేజీకి పంపడానికి మన పెద్ద జేగంట మోత రికార్డు చేశావు కదా, అది ఆయన విన్నారు. కొట్టాక మోత అలలా ఊగాలి. ఆ ఊపు కోసమే ఆయన తొమ్మిది రోజులు సుత్తి పట్టారు. ఆ ఊపు లోపమనుకుని కంప్యూటర్లో సాపు చేసేశానని నాతో అన్నావు, ఆయనతో అనలేదు. మూడుసార్లు విన్నా ఊపు వినపడక, "నా చెవి పోయిందే. ఇక పిల్లకి నేర్పడానికి నా దగ్గరేముంది?" అన్నారు. నీ నోటే వినాలని నేను బయటపెట్టలేదు.

నువ్వు ఏ చదువైనా చదువు. ముందు కొలిమి దగ్గరికెళ్లి నాన్నకి నిజం చెప్పు.

అమ్మ

ఇంకోటి. జేగంట నువ్వే కొట్టి వినిపించు. పొద్దుట్నుంచి కర్ర చేత్తో పట్టుకుని దాని ముందే కూర్చున్నారు గానీ, కొట్టడానికి ఆయనకి ధైర్యం చాలట్లేదు.