ఠాణాలో కొండచిలువ

వత్సవాయి,
12-4-1961

సబ్-ఇన్‌స్పెక్టరు వారి సముఖమునకు, పశువుల ఆసుపత్రి రిటైర్డు కాంపౌండరు ఏసురత్నం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ స్టేషనులో నాలుగు రోజులుగా ఖైదులోనున్న కొండచిలువను విడుదల చేయు నిమిత్తము.

1. నేను ముప్పదియొక్క సంవత్సరములు పశువులకు మందు పోసి, రిటైరైన పిదప అడవి జీవములకు కట్లు కట్టుచున్నాను. మా ఇంట బాగుపడి వెళ్ళినవి: రెండు నెమళ్ళు, ఒక దుప్పి, ఒక నక్క. బాగుపడనిది సంసారమొక్కటేనని నా భార్య కృపావతి వాదన.

2. శనివారము మా ఊరి గడ్డివాములో కొండచిలువ కనబడగా జనము కర్రలు, గొడ్డళ్ళు తెచ్చిరి. పాస్టరు జ్ఞానయ్య గారు సైతము "అది శాపం తగిలిన జీవమయ్యా, పక్కకి తప్పుకో" అనిరి. "ఏదెను తోటలోది వేరండి, ఇది వత్సవాయిది" అని మనవి చేసి, ముక్త్యాల అడవిలో వదలుటకై గోతాములో కట్టితిని.

3. జలప్రళయమున నోవహు గారు పాములను సైతము ఓడ ఎక్కించుకొనిరి గాని, బస్సు కండక్టరు ఎక్కించుకొనడని తెలిసి గోతామును సీటు క్రింద దాచితిని. ఇది నా తప్పు. జగ్గయ్యపేటలో ఎక్కిన షావుకారు వాసవాంబ గారు దానిపై కాళ్ళు పెట్టుకొనిరి.

"ఏవయ్యా, నీ మూట కదుల్తుందేంటి?"

"పామండి. విషం లేదండి, కంగారుపడకండి."

నిజము చెప్పుటయే ప్రమాదమాయెను. బస్సు ఆగగానే సగము మంది కిటికీలలోనుంచి దిగిరి. ఎవరికిని దెబ్బ తగలలేదు. వాసవాంబ గారి చెప్పు ఒకటి నేటికిని దొరకలేదు.

4. కండక్టరు నన్నును గోతామును తమ స్టేషనులో అప్పగించగా, తాము నన్ను మందలించి వదిలి, పామును మాత్రము కేసు సొత్తని రికార్డు గదిలో పెట్టించితిరి. నేరము నాది. టిక్కెట్టు లేక ప్రయాణించినది అదే అయినను, కొనుటకు దానికి చేతులు లేవు. ఎండలు ముదిరినవి. పాముకు అరవడం రాదు గనుక నేను అరుస్తున్నా. వదిలిపెట్టండి సార్, చచ్చిపోద్ది.

ఈసారి నడిచియే అడవికి పోవుదునని హామీ ఇచ్చుచు, ఈ మొర తమ చిత్తమునకు ఎక్కవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
ఏసురత్నం

తాజా కలము: ఈ అర్జీ పట్టుకుని వస్తే తమరు క్యాంపులో ఉన్నారు. కానిస్టేబులు ప్రేమదాసు వరండాలో బల్ల ఎక్కి నిలబడ్డాడు. "కాంపౌండరు గారూ, అది గోతం చింపుకొచ్చి పాత ఫైళ్ళ మీద చుట్ట చుట్టుకుందండి. ఎంత బెదిరించినా కదల్టంలా" అన్నాడు. తలుపు సందులోంచి చూశాను. గుడ్లు పెట్టింది సార్! ఇరవైకి తక్కువుండవు.

పైన అడిగిందంతా కొట్టేయండి. ఇప్పుడు కదిలిస్తే పిల్లలు దక్కరు. రెండు నెలలు ఆ గది ఎవరూ తెరవొద్దు. నేను తమ వరండాలోనే కాపలా ఉంటాను. కబురు పంపితే కృపావతి చాప, క్యారియరు పట్టుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాను. సందులోంచి చాలాసేపు చూసి, చాప పరిచి, "ఉండండి. పురుటాల్ని వదిలేసి ఎట్టా వస్తార్లే" అంది.